తంగేడా, కసివిందా? ఆకు చూసి గుర్తుపట్టండి

షుగరు ఉన్నవారిలో కొందరు తంగేడు పూలు ఎండబెట్టి కషాయం కాచుకుంటారు. దాన్ని నమ్ముకుని డాక్టరు ఇచ్చిన మాత్రలు మానవద్దని మేము చెబుతూనే ఉంటాము. ఈసారి చెప్పేది మరొక సంగతి. వానలు పడ్డాక దారి పక్కనా బీళ్లలోనూ తంగేడు దగ్గరే కసివింద (కసింద) కూడా పెరుగుతుంది. రెంటివీ పసుపు పూలే. పువ్వు ఒక్కటే చూస్తే పొరబడతాము.

తంగేడు మన మెట్టనేలల పొద. రాళ్లలో, నీరు అందని చోట కూడా నిలుస్తుంది. దీని బెరడుతో తోళ్లు పదును చేసేవారు. ఒక రెమ్మ చేతిలోకి తీసుకోండి. ఒక్కో ఈనెకు ఎనిమిది నుండి పన్నెండు జతల చిన్న ఆకులుంటాయి, వాటి కొనలు మొద్దుగా ఉంటాయి. ఈనె మొదట్లో చెవుల్లాంటి రెండు వెడల్పాటి రెక్కలు రాలకుండా అంటుకుని ఉంటాయి. శాస్త్రజ్ఞులు పెట్టిన ‘ఆరిక్యులేటా’ అనే పేరుకు చెవులు గలది అనే అర్థం. మా దృష్టిలో ఇంతకన్నా నమ్మకమైన గుర్తు లేదు. కాయ కాగితంలా పల్చగా, బల్లపరుపుగా ఉంటుంది.

కసివిందకు ఆ చెవులు నిలవవు. ఆకులు నాలుగైదు జతలే, పెద్దవి, కొన మొనదేలి ఉంటుంది. నలిపితే దుర్వాసన. కాయ నాలుగైదు అంగుళాల పొడవున, కొద్దిగా వంగి, అంచులు లేతరంగులో ఉంటుంది.

ఈ తేడా ఎందుకంత ముఖ్యమంటే, పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో ఏటా వానాకాలం తరువాత చిన్నపిల్లలు వాంతులతో, మతి తప్పి ఆసుపత్రులకు వచ్చేవారు. చాలామంది బతకలేదు. అది వైరస్ వల్ల వచ్చే మెదడువాపు అనుకున్నారు. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో పనిచేసిన డాక్టర్ టి. జాకబ్ జాన్, బిజ్నూర్ పిల్లల డాక్టర్ విపిన్ వశిష్ఠ తదితరులు పరిశోధించి, కారణం కసివింద గింజలని 2007లో ప్రచురించారు. ఆ విషం కాలేయాన్ని, కండరాలను, మెదడును ఒకేసారి దెబ్బతీస్తుంది. విరుగుడు మందు లేదు.

కాబట్టి ఇంటి చుట్టూ, బడి చుట్టూ ఉన్న కసివిందను కాయ పట్టకముందే వేళ్లతో పీకించండి. తంగేడును ఉండనివ్వండి. బిడ్డ గింజలు తిన్నట్టు అనుమానం వస్తే, బాగానే ఆడుకుంటున్నా సరే, వాంతి చేయించే ప్రయత్నాలు, పసర్లు పెట్టుకోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. కాయతో ఉన్న రెమ్మ ఒకటి విరిచి వెంట తెండి.