మెదక్ చర్చి గోపురమంత సౌరకుటుంబం

నెప్ట్యూన్‌తో సౌరకుటుంబం అయిపోదు. దాని అవతల మంచుముద్దల లోకం మొదలవుతుంది. సూర్యుడి నుంచి 450 కోట్ల కిలోమీటర్ల దగ్గర మొదలై 750 కోట్ల కిలోమీటర్ల దాకా అది పరుచుకుని ఉంది. ఇంత పెద్ద అంకె చదివితే కళ్లకు ఏమీ కట్టదు. అందుకని మనందరం తలెత్తి చూసిన మెదక్ చర్చి గోపురాన్నే కొలబద్దగా పెట్టుకుందాం. దాని ఎత్తు 175 అడుగులు.

గోపురం అడుగున సూర్యుడున్నాడనుకోండి. భూమికి, సూర్యుడికి మధ్య ఉన్న 15 కోట్ల కిలోమీటర్లను మూడున్నర అడుగులుగా లెక్కేద్దాం. అప్పుడు సూర్యుడు శనగగింజంత ఉంటాడు. మూడున్నర అడుగుల ఎత్తున ఉన్న భూమి కంటికి ఆనీ ఆనని నలుసు. నెప్ట్యూన్ 105 అడుగుల దగ్గర వస్తుంది. అక్కడి నుంచి గోపురం కొస దాకా ఉన్నదే కైపర్ బెల్ట్, అంటే మంచుముద్దలు తిరిగే వలయం. ప్లూటో సగటున 138 అడుగుల దగ్గర ఉంటుంది.

అక్కడ ఎన్ని ఉన్నాయి? నెప్ట్యూన్ అవతల ఇప్పటిదాకా దొరికినవి మూడు వేలకు పైనే. వంద కిలోమీటర్ల కంటే పెద్దవే లక్షకు పైగా ఉంటాయని అంచనా. అయినా కైపర్ బెల్ట్‌లో ఉన్నవన్నీ కలిపి తూచినా భూమి బరువులో పదో వంతుకు మించవంటారు. చోటు విశాలం, సరుకు స్వల్పం.

లక్ష ఉంటే ఇన్నాళ్లూ ఎందుకు కనబడలేదు? ప్లూటో 1930లో దొరికింది. దాన్ని, దాని చందమామను పక్కన పెడితే తర్వాతిది దొరికింది 1992లో. డేవిడ్ జెవిట్, జేన్ లూ ఐదేళ్లు వెతికాక హవాయిలోని మౌనా కియా మీద నుంచి చిక్కింది. కారణం వెలుతురు లెక్కలో ఉంది. దూరం 40 రెట్లయితే ఎండ 1,600 రెట్లు పలచబడుతుంది. మంచుముద్ద మీద పడిన ఆ కాస్త వెలుతురూ తిరిగి మన దాకా రావాలి, దారిలో మళ్లీ అంతే పలచబడుతుంది. 1,600ను 1,600తో గుణించండి. 25 లక్షల 60 వేలు! మన దగ్గరుంటే ఎంత వెలిగేదో, అక్కడ అందులో అన్నో వంతు మాత్రమే. ఆ ఇద్దరి ఓపికకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

అంత దూరం మనిషి పంపిన యంత్రం ఏదైనా వెళ్లిందా? వెళ్లింది. న్యూ హొరైజన్స్ నౌక 2015లో ప్లూటోను, 2019 జనవరి 1న అరోకాత్ అనే మంచుముద్దను దాటుకుంటూ పోయింది. అరోకాత్ పొడవు 36 కిలోమీటర్లు. రెండు ముద్దలు మెల్లగా వచ్చి అతుక్కున్నట్టుంది, రంగు ఎర్రటి ఎరుపు. గ్రహాలు పుట్టిన కాలం నుంచి దాదాపు మారకుండా మిగిలిన సరుకది. శాస్త్రజ్ఞులకు దాని మీద అంత మక్కువ అందుకే.

ఇలాంటి మంచుముద్ద సూర్యుడి దగ్గరికొచ్చి వేడెక్కి ఆవిరి చిమ్మితే, అదే తోకచుక్క. ఇక్కడ హైదరాబాద్‌లో పెరిగిన కుర్రాడిని తలుచుకోవాలి. ఆయన వైణు బప్పు. తండ్రి నిజామియా అబ్జర్వేటరీలో పనిచేశారు, తాను నిజాం కాలేజీలో చదివారు. 1949 జులై 2న హార్వర్డ్‌లో విద్యార్థిగా తీసిన ఫొటో పలకలో ఆయనకు కొత్త తోకచుక్క దొరికింది. సహచరులు బార్ట్ బాక్, గోర్డన్ న్యూకిర్క్‌ల పేర్లూ కలిపి దానికి బప్పు-బాక్-న్యూకిర్క్ అని పేరు పెట్టారు. ఒక చుట్టు తిరగడానికి దానికి సుమారు 60,000 ఏళ్లని లెక్కగట్టారు.

అరవై వేల ఏళ్లంటే ఎంత దూరం వెళ్తుంది? కెప్లర్ సూత్రం ప్రకారం మన కొలతలో మూడు కిలోమీటర్లకు పైనే. అంటే గోపురం ఏమాత్రం చాలదు. ఊరి పొలిమేర దాటాలి. దాదాపు అక్కడే ఊర్ట్ మేఘం మొదలవుతుంది. సౌరకుటుంబాన్ని అన్ని వైపులా కమ్ముకుని ఉందనుకునే మంచుముద్దల గుంపు అది. దాని అవతలి అంచు 107 కిలోమీటర్ల దాకా ఉండొచ్చు. మెదక్‌లో బయల్దేరితే హైదరాబాద్ దాటిపోతాం.

మరి మన కంటితో చూడగలిగేది ఏదైనా ఉందా? హేలీ తోకచుక్క ఉంది. 2023 డిసెంబరులో అది తన దూరపు కొసకు, మన గోపురం మీద సుమారు 123 అడుగుల దగ్గరికి చేరి, వెనక్కి తిరిగింది. 2061 జులైలో సూర్యుడి దగ్గరికొస్తుంది. జులై అంటే వానాకాలం, మబ్బులుంటాయి కదా అంటారేమో. తోకచుక్క ఒక్క రాత్రిలో వచ్చిపోయేది కాదు, మబ్బు విడిచిన రాత్రి కోసం చూడటానికి వారాల వ్యవధి ఉంటుంది.