పసివాడి నిద్రకు జలుబు మందా?

మిరప కోతల రోజులు వచ్చాయంటే తెల్లవారక ముందే ఆడవాళ్ళు ఆటో ఎక్కాలి. చంటిపిల్ల తల్లి పిల్లను వెంట తీసుకుపోయి చేను గట్టున చెట్టుకు చీరతో ఉయ్యాల కడుతుంది. కోతకు కిలోల లెక్కన కూలి అయినచోట, పిల్ల ఏడ్చినప్పుడల్లా లేచి వస్తే ఆ పూట డబ్బులు పోయినట్లే. అందుకని కొన్ని ఇళ్ళలో ఒక ఉపాయం పట్టారు. జలుబు లేకపోయినా జలుబు మందు ఒక చెంచా పోస్తారు. పిల్ల మధ్యాహ్నం దాకా కదలదు.

వెనకటి రోజుల్లో ఇందుకే నల్లమందు నాకించేవారని ముసలివాళ్ళు చెబుతారు. ఇప్పటిది షాపులో కొన్న సీసా గనుక భయం లేదనుకుంటున్నారు.

నిజానికి ఆ నిద్ర మందు చేసే మేలు కాదు, దాని దుష్ఫలితం. ముక్కు కారటం తగ్గించే క్లోర్‌ఫెనిరమిన్ మెదడుకు మగత తెస్తుంది. దురదలకు, వాంతులకు ఇచ్చే ప్రోమెథజైన్ ఇంకా గట్టిది. చంటిపిల్లల్లో ఆ మగత ముదిరితే శ్వాస నెమ్మదిస్తుంది, ఆగిపోనూ వచ్చు. ప్రోమెథజైన్ వల్ల పసివాళ్ళు ఊపిరి ఆగి చనిపోయిన కేసులు బయటపడ్డాక, 2 ఏళ్ళ లోపు వారికి అది వాడరాదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2004లో గట్టి హెచ్చరిక వేయించింది. మన దేశంలో క్లోర్‌ఫెనిరమిన్, ఫెనైలెఫ్రిన్ కలిపిన జలుబు మందును 4 ఏళ్ళ లోపు పిల్లలకు వాడరాదని సీసాల మీద ముద్రించాలంటూ 2023 డిసెంబరులో కేంద్ర ఔషధ నియంత్రణాధికారి ఆదేశించారు. ఆ అక్షరాలు చీమ తలకాయంత, అదీ ఇంగ్లీషులో. చదివి చెప్పవలసిన షాపు మనిషికి బేరం ముఖ్యం.

కొందరు పిల్లల్లో వ్యవహారం తిరగబడుతుంది. నిద్రకు బదులు చిరాకు, గుండె దడ, మోతాదు మించితే మూర్ఛ. ఇంట్లోవాళ్ళు దిష్టి అనుకుని ఎర్రనీళ్ళు తీసి పారబోస్తారు.

మరో చిక్కు ఉంది. జలుబు సీసాలు చాలావాటిలో జ్వరానికి ఇచ్చే పారాసెటమాల్ కలిసే ఉంటుంది. ఒళ్ళు వెచ్చబడిందని జ్వరం మందు కూడా పోస్తే మోతాదు రెట్టింపై కాలేయం దెబ్బతింటుంది. చుక్కల మందు సిరప్ కంటే చిక్కన. దాన్ని చెంచాతో పోస్తే చెప్పనక్కర లేదు.

డాక్టర్లు కూడా ఒక్కొక్కప్పుడు ఒక జబ్బు మందును మరో జబ్బుకు రాస్తారు. అయితే వాళ్ళు పిల్ల బరువు తూచి లెక్క కడతారు. మన ఉగ్గుగిన్నెకు తూకం ఎక్కడిది?

తల్లులను తిట్టి లాభం లేదు. కూలి ముఠాలో తలా కాస్త వేసుకుని, పిల్లలందరినీ చూడటానికి ఒక పెద్దమ్మను చెట్టు కింద కూర్చోబెడితే ఈ సీసాతో పని ఉండదు.

మందు పోసిన పిల్ల ఎంత తట్టినా లేవకపోతే, ఊపిరి ఆగి ఆగి వస్తుంటే, పెదవులు నీలం తిరిగితే నోట్లో పాలు, నీళ్ళు పోయరాదు. ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి వెంటనే 108కి ఫోన్ చేయాలి. మందు సీసాను వెంట తీసుకుపోవాలి. ఎంత పోశారో, ఎప్పుడు పోశారో డాక్టరుకు దాచకుండా చెప్పాలి.