ఒకే లెక్క – రెండు జవాబులు

ఆవిరి ఉష్ణోగ్రత ఒకసారి 540, మరొకసారి 541 డిగ్రీలుగా నమోదైనదనుకొందాము. పైథాన్ కంప్యూటర్ భాష రెండవ తరంలో ఈ పూర్ణాంకాలను కూడి 2తో భాగిస్తే సగటు 540 అని వచ్చేది. 2008 డిసెంబరులో వెలువడిన మూడవ తరంలో 540.5 వస్తుంది. ప్రోగ్రాము ఆగదు, జవాబు మాత్రం మారుతుంది.

రెండవ తరం నిర్వహణ 2020 జనవరి 1తో ముగిసినది. అయినను జాగ్రత్త అవసరమే. మూడవ తరంలో ఏటా ఒక కొత్త రూపాంతరం వస్తున్నది. ఒక్కొక్కదానికి సుమారు ఐదేళ్ల నిర్వహణ ఉంటుంది. పలువురి అవసరానికి ఒకరు రాసి ఉంచిన ప్రోగ్రాముల కూర్పే లైబ్రరీ. గ్రేటర్ నోయిడాలోని మన ‘నేత్ర’ పరిశోధన కేంద్రంలో రాసినదానిని రామగుండంలోనో, సింహాద్రిలోనో వేరొక రూపాంతరంపై నడుపవచ్చును.

కావున ప్రతి రూపాంతరానికి కంప్యూటర్‌లో ప్రత్యేక పరిసరం కల్పించి, లైబ్రరీని అందులో స్థాపించి, అవే పరీక్షలు అన్నింటా జరపవలెను. ‘టాక్స్’ అనే సాధనం ఈ పనినంతటినీ ఒకే ఆదేశంతో నిర్వహిస్తుంది. సీ భాషలో రాసిన భాగాలుంటే సాధారణంగా ఒక్కొక్క రూపాంతరానికి విడిగా తయారుచేయవలసి ఉంటుంది.

సరైన జవాబును మాత్రం చేతితో లెక్కకట్టి ముందే రాసి ఉంచవలెను. యంత్రం ఇచ్చినదానినే ప్రమాణంగా గైకొంటే పొరపాటే ప్రమాణమవుతుంది. 540.5 అని ముందుగా కాగితంపై రాసుకొన్నవారికే ఆ అరడిగ్రీ లోటు కనబడుతుంది.