భూమి దస్త్రాల్లో సమాచార ప్రవాహం: తల్లాడ మండల నేపథ్యంలో పట చిత్రణ, విలువ నిర్ధారణ

ఉపోద్ఘాతం

ఒక సంస్థలో ఏ సమాచారం ఎక్కడ పుడుతుంది, ఎవరి చేతుల మీదుగా సాగుతుంది, ఎక్కడ ఆగిపోతుంది, దాని ఆధారంగా నిర్ణయం తీసుకొనేది ఎవరు అనే ప్రశ్నలకు క్రమపద్ధతిలో సమాధానం వెదకడాన్ని సమాచార శాస్త్రంలో 'సమాచార తనిఖీ' అంటారు. కార్నీలియస్ బర్క్, ఫారెస్ట్ హార్టన్‌లు 1988లో వెలువరించిన 'ఇన్ఫోమ్యాప్' పద్ధతి సంస్థలోని సమాచార వనరులను జాబితాగా కూర్చి, వాటి ఖర్చును, విలువను అంచనా వేయడాన్ని నేర్పింది. నిల్వల జాబితా మాత్రమే చాలదనీ, సంస్థ లక్ష్యాలతో సమాచార ప్రవాహాన్ని ముడిపెట్టి చూడాలనీ ఎలిజబెత్ ఓర్నా వంటి తర్వాతి పరిశోధకులు వాదించారు. ఈ చర్చ ఎక్కువగా వ్యాపార సంస్థల చుట్టూ, గ్రంథాలయాల చుట్టూ నడిచింది. కాని సమాచారంలోని ఒక్క గడి ఖాళీగా ఉంటే ఒక కుటుంబం బతుకు తలకిందులయ్యే సంస్థ తెలుగు నేల మీద ఏదైనా ఉన్నదంటే అది రెవెన్యూ శాఖ.

పటంలోని గడులు, బాణాలు

ఖమ్మం జిల్లా తల్లాడ ఒక మండల కేంద్రం. ఇక్కడి తహసీల్దారు కార్యాలయానికి పైన కల్లూరు రెవెన్యూ డివిజను, దానికి పైన ఖమ్మం కలెక్టరేటు, అన్నిటికీ పైన హైదరాబాదులోని భూపరిపాలన ప్రధాన కమిషనరు కార్యాలయం ఉన్నాయి. ఈ నాలుగు గడులను నిలువుగా గీసి బాణాలతో కలిపితే సంస్థ నిర్మాణ చిత్రం వస్తుంది కాని సమాచార పటం రాదు. సమాచార పటానికి కావలసింది ఒక అంశాన్ని పట్టుకొని దాని వెంట నడవడం.

'ఫలానా సర్వే నంబరులోని చేనును ఈ ఏడు ఎవరు దున్నారు?' అన్నది అటువంటి అంశం. పాత ఏర్పాటులో దీనికి ఒక దారి ఉండేది. గ్రామాధికారి పంటకాలంలో పొలం మీదికి వెళ్లి చూసి పహాణీ రాసేవాడు. పట్టాదారు పేరుకొక గడి, అనుభవదారు పేరుకు మరొక గడి అందులో ఉండేవి. పై అధికారులు అజమాయిషీ చేసేవారు, ఏటా జమాబందిలో లెక్కలు సరిచూసేవారు. హక్కు మార్పిడికి ముందు ఆసక్తి గలవారికి నోటీసు వెళ్లేది. అంటే సమాచారం ఊరి నుంచి కార్యాలయానికి పోవడమే కాక, కార్యాలయం నుంచి ఊరికి తిరిగి వచ్చి అభ్యంతరాన్ని అడిగేది.

ఈ దారి నిర్మలమైనదేమీ కాదు. 1984లో పటేల్, పట్వారీ, కరణం పదవులు రద్దు కావడానికి కారణం ఆ సమాచారంపై కొన్ని కుటుంబాల గుత్తాధిపత్యమే. దస్త్రం ఇంట్లోనే ఉన్నప్పుడు దాన్ని దిద్దే చేయి కూడా ఇంటిదే అవుతుంది. తర్వాత వచ్చిన గ్రామ రెవెన్యూ అధికారుల మీద అవినీతి ఆరోపణలు మోపి 2020 సెప్టెంబరులో తెలంగాణ ప్రభుత్వం ఆ పదవులను కూడా చట్టం చేసి తీసివేసింది. అదే ఏడు అక్టోబరు 29న 'ధరణి' మొదలైంది. రిజిస్ట్రేషను, హక్కు మార్పిడి రెండూ తహసీల్దారు వద్ద ఒకే పూట ముగియసాగాయి. పటంలో బాణాలు తగ్గాయి, వేగం పెరిగింది. 2023లో గ్రామ రెవెన్యూ సహాయకులు సైతం ఇతర శాఖల్లోకి వెళ్లడంతో ఊరికీ దస్త్రానికీ మధ్య నిలిచిన మనిషి లేకుండా పోయాడు.

ఖాళీ అయిన గడి

కొత్త హక్కుల దస్త్రంలో అనుభవదారు గడికి చోటు లేకపోయింది. పొలం ఎవరు దున్నుతున్నారనే వాస్తవం ఊరిలో అలాగే ఉంది, అందరికీ తెలుసు. అది ప్రయాణించే దారి మాత్రం మూసుకుపోయింది. సమాచార తనిఖీ చేసేవారు సాధారణంగా ఉన్న ప్రవాహాలను గీస్తారు. ఇటువంటి చోట గీయవలసింది తెగిన ప్రవాహాలను.

తెగిన దారి దెబ్బ మొదట తగిలింది కౌలు రైతులకు. 2011 నాటి చట్టం వారికి రుణ అర్హత కార్డులిచ్చే ఏర్పాటు చేసింది. 2018లో మొదలైన రైతుబంధు మాత్రం పట్టాదారు పేరు మీదనే నడిచింది. తెల్లకాగితంపై కొనుగోలు జరిపిన సాదాబైనామా రైతులది రెండవ వరుస. రిజిస్ట్రేషను లేని ఆ కొనుగోళ్లకు ఏళ్ల తరబడి సాక్ష్యంగా నిలిచింది పహాణీలోని అనుభవ గడే. 2020లో క్రమబద్ధీకరణకు దరఖాస్తులు తీసుకున్నా, కొత్త చట్టంలో అందుకు వీలు లేదన్న వివాదం హైకోర్టుకు చేరి అవి నిలిచిపోయాయి.

తప్పు దిద్దడానికి పట్టే దూరం మరొక లక్షణం. పాసుపుస్తకంలో పేరో విస్తీర్ణమో తప్పు పడితే దరఖాస్తు మీసేవ ద్వారా జిల్లా కలెక్టరు దాకా పోవలసి వచ్చింది. ఆ పొలాన్ని ఎన్నడూ చూడని చోట నిర్ణయం, చూసినవారు ఉన్న చోట అధికార శూన్యత. ఒక స్థలానికి, ఒక సమయానికి మాత్రమే చెందిన జ్ఞానాన్ని కేంద్రానికి పూర్తిగా చేరవేయడం సాధ్యం కాదని ఆర్థికవేత్త ఫ్రీడ్రిక్ హాయెక్ 1945లో రాసిన వ్యాసానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ దొరకదు. 2024 ఫిబ్రవరి చివరలో ఆ అధికారాలను తహసీల్దారు, ఆర్డీవో, అదనపు కలెక్టరు స్థాయిలకు పంచడం ఈ దూరాన్ని కొంత తగ్గించింది.

విలువ కట్టడం

సమాచారానికి విలువ కట్టడం కష్టమని గ్రంథాలు చెబుతాయి. డేనియల్ మూడీ, పీటర్ వాల్ష్‌లు 1999లో సూచించినట్లు అది ఇతర ఆస్తుల వంటిది కాదు. వాడితే తరగదు, వాడేకొద్దీ విలువ పెరుగుతుంది, కాలం గడిస్తే పాతబడుతుంది. తయారీ ఖర్చుతో లెక్కిస్తే పహాణీలో ఒక పంక్తి రాయడానికి పట్టేది కొన్ని నిమిషాలే. ఆ పంక్తి లేకపోతే కలిగే నష్టంతో లెక్కిస్తే చిత్రం మారుతుంది.

2017 సెప్టెంబరులో మొదలైన భూ రికార్డుల ప్రక్షాళనలో వివాదంగా తేల్చిన భూములు 'పార్ట్-బి'లో పడ్డాయి, వాటికి కొత్త పాసుపుస్తకం రాలేదు. అటువంటి రెండెకరాల రైతును తీసుకుంటే, రైతుబంధు నిర్ణీత రేటు 2018-19లో పంటకు ఎకరానికి రూ. 4,000. వానాకాలం, యాసంగి కలిపి ఆ ఏడాది కోల్పోయేది రూ. 16,000. మరుసటి ఏడు నుంచి రేటు రూ. 5,000 కావడంతో ఏటా రూ. 20,000. అయిదేళ్లు దస్త్రం సరికాకుంటే రూ. 96,000. ఆ మధ్యలో రైతు మరణిస్తే, 2018 ఆగస్టులో మొదలైన రైతుబీమా కింద కుటుంబానికి అందవలసిన రూ. 5 లక్షలు కూడా రావు. బ్యాంకు అప్పు దొరకక బయటి వడ్డీకి తెచ్చిన సొమ్ము ఈ లెక్కలో లేదు. మరొక సంగతి కూడా ఉంది. అదే గడి ఖాళీగా ఉండడం కౌలుకిచ్చిన పట్టాదారుకు లాభం. విలువ సమాచారంలో మాత్రమే లేదు, ఎవరి వైపు నుంచి చూస్తున్నామన్న దానిలో కూడా ఉంది. కాబట్టి ఒక దస్త్రానికి ఒకే విలువ కట్టే తనిఖీ ఎవరో ఒకరి పక్షం వహించినట్లే.

అడవి అంచున రెండు పటాలు

తల్లాడ నుంచి ఏన్కూరు, జూలూరుపాడుల మీదుగా కొత్తగూడెం వెళ్లే దారి, భద్రాచలం అడవుల వైపు సాగే కొద్దీ సమాచార పటం కూడా మారుతుంది. జిల్లాల విభజన జరిగిన 2016 వరకు ఇదంతా ఖమ్మం జిల్లానే. అయితే దస్త్రాల చరిత్ర ఒకటి కాదు. నైజాం ఏలుబడిలోని ప్రాంతానికి సేత్వార్, పహాణీ, 1954-55 నాటి ఖాస్రా పహాణీ ఆధారాలు. 1959లో తూర్పు గోదావరి జిల్లా నుంచి వచ్చి చేరిన భద్రాచలం ప్రాంతానికి మద్రాసు వారసత్వపు అడంగల్ ఆధారం. ఒకే కలెక్టరేటులో రెండు దస్త్ర భాషలు.

అడవిలో పోడు భూమికి మూడవ దారి ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం కింద 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్నవారు, ఇతర సంప్రదాయ అటవీ వాసులైతే మూడు తరాల నివాసాన్ని కూడా చూపి, గ్రామసభ ద్వారా దరఖాస్తు చేస్తారు. దానిని అటవీ హక్కుల కమిటీ పరిశీలిస్తుంది. డివిజను, జిల్లా స్థాయి కమిటీల దాకా అది వెళుతుంది. ఈ చట్టపు నియమాల్లో విశేషమేమిటంటే, దరఖాస్తుదారు కాని పెద్దలు చెప్పిన మాటను రాతలో పెడితే అది కూడా సాక్ష్యంగా చెల్లుతుంది. రోడ్డుకు ఒకవైపు పట్టా భూమిలో ఊరి పెద్దల జ్ఞానానికి దస్త్రంలో గడి లేదు, మరొకవైపు అడవిలో అదే జ్ఞానానికి చట్టమే గడి ఇచ్చింది. ఆచరణలో ఆ మాట ఎంత చెల్లుతుందన్నది వేరే పరిశోధనాంశం. రెవెన్యూ, అటవీ శాఖల హద్దు తేలని చోట ఒకే సర్వే నంబరులోని కొంత భాగం కోసం మొత్తం నంబరు నిషేధిత జాబితాకెక్కిందన్న ఫిర్యాదులు ఈ రెండు పటాలూ ఒకదాన్నొకటి చూసుకోని చోటనే పుడతాయి.

2025 ఏప్రిల్ 14న అమలులోకి వచ్చిన 'భూభారతి' చట్టం తహసీల్దారు ఉత్తర్వుపై ఆర్డీవోకు, ఆపైన కలెక్టరుకు అప్పీలు చేసుకొనే దారిని, ఆగిన సాదాబైనామా దరఖాస్తులను పరిష్కరించే దారిని తెరిచింది. అదే ఏడు గ్రామ పాలనాధికారులు ఊళ్లకు తిరిగి వచ్చారు. తల్లాడ వంటి మండలంలో తనిఖీ చేయబోయే పరిశోధకునికి తొలి ప్రశ్న ఇక్కడే దొరుకుతుంది: ఆ అధికారి పొలం మీద చూసినదాన్ని రాయడానికి గడి ఉందా, రాసినదాన్ని దున్నేవానికి చదివి వినిపించే నియమం ఉందా?