పిల్లల కోపం, పిల్లల ఊపిరి

ఢిల్లీ సర్కారు బడుల్లో 2018 జులైలో ఒక కొత్త పాఠం మొదలుపెట్టారు. నర్సరీ నుంచి 8వ తరగతి దాకా దీనికి ఒక పీరియడు. దీనికి పరీక్ష పెట్టలేదు, మార్కులు వేయలేదు. ఆ పాఠంలో మొదటి పని ధ్యాస పెట్టడం.

ధ్యాస పెట్టడం అంటే ఏమిటి? పిల్లలు కదలకుండా కూర్చుంటారు. కళ్ళు మూసుకుంటారు. ఇష్టం లేనివాళ్ళు తెరిచే ఉంచవచ్చు. ఊపిరి లోపలికి పోవడం, బయటికి రావడం గమనిస్తారు. మనసు ఆటల మీదికి పోతుంది. పోతే తప్పు కాదు. మళ్ళీ ఊపిరి దగ్గరికి తెచ్చుకోవాలి. అంతే. మంత్రం లేదు, పూజ లేదు.

దీనితో ఏం లాభం?

కోపం వస్తే గుండె దడదడ కొట్టుకుంటుంది. పిడికిలి బిగుస్తుంది. భయం వేసినా గుండె దడే. పెద్దవాళ్ళు "నాకు కోపంగా ఉంది" అని చెప్పగలరు. (అందరూ చెప్పలేరు, అది వేరే సంగతి.) చిన్నపిల్లలకు ఆ మాట నోటికి రాదు. అందుకే కొడతారు, వస్తువులు విసిరేస్తారు. లేకుంటే బడికి పోయే వేళకు కడుపునొప్పి అంటారు. అది ప్రతిసారీ దొంగ నొప్పి కాదు. దిగులుతో నిజంగానే కడుపు నొస్తుంది.

ఒంట్లో వచ్చే మార్పును గమనించడం అలవాటైతే, చెయ్యి లేచేలోగా ఒక క్షణం దొరుకుతుంది. అప్పుడు ఊపిరి నిదానంగా వదిలితే గుండె దడ కాస్త తగ్గుతుంది. "వాడు నా పెన్సిలు లాక్కున్నాడు, అందుకే కోపం" అని చెప్పడానికి వీలు కలుగుతుంది.

అయితే ఇది అన్నిటికీ మందు కాదు. బ్రిటన్‌లో 11 నుంచి 14 ఏళ్ళ పిల్లలు 8 వేల మందికి పైగా ఉన్న బడుల్లో దీన్ని పరీక్షించి చూశారు. కొన్ని బడుల్లో ఈ పాఠాలు చెప్పారు, కొన్నింటిలో చెప్పలేదు. 2022లో ఫలితం చెప్పారు. పాఠాలు విన్న పిల్లల దిగులు మిగతా పిల్లల కన్నా తగ్గలేదు. చాలామంది ఇంటి దగ్గర చేయనే లేదు.

పైగా భయానికి కారణం వేరే ఉండవచ్చు. బడిలో ఎవరో కొడుతున్నారేమో, ఏడిపిస్తున్నారేమో. అలాంటి పిల్లను "ఊపిరి పీల్చుకో" అంటే సరిపోదు. విషయం అడిగి తెలుసుకోవాలి. బడిలో పిల్లల్ని కొట్టకూడదని, మాటలతో హింసించకూడదని 2009 విద్యా హక్కు చట్టం చెబుతోంది. తల్లి బడికి వెళ్ళి హెడ్మాస్టరును అడగవచ్చు.

ఇంట్లో అయితే రాత్రి అన్నం తినేటప్పుడు అడగండి. "ఇవాళ ఎప్పుడు కోపం వచ్చింది? ఒంట్లో ఎక్కడ తెలిసింది?" జవాబు రాకపోతే గుచ్చి గుచ్చి అడగవద్దు. మర్నాడు మళ్ళీ అడగవచ్చు.