పెళ్ళి ఆల్బమ్‌కు రంగుల పట్టిక

ముహూర్తం ఫొటోలు ట్యూబ్‌లైట్ల కింద, తలంబ్రాలవి వీడియో లైట్ల వెలుగులో, అప్పగింతలవి పొద్దుటి ఎండలో తీసినవి. పక్కపక్కన పెడితే ఒక్కో పేజీ ఒక్కో పెళ్ళిలా ఉంటుంది కదూ! వీటిని ఒక తీరుకు తేవడానికి పనికొచ్చేదే 'లట్'. పేరు కొత్తదేగానీ సంగతి మనకు తెలిసిందే.

ఎక్కాల పుస్తకం గుర్తుందా? ఏడెనిమిదులెంతో లెక్క కట్టనక్కర్లేదు, పట్టిక చూస్తే సరి. లట్ కూడా అంతే. 'ఈ రంగు వస్తే ఆ రంగు వెయ్యి' అని ముందే రాసిపెట్టిన పట్టిక. మామూలు ఫొటోలో 1,67,77,216 రంగులకు వీలుంది. అన్నిటికీ రాస్తే ఫైలు బరువెక్కిపోతుంది. అందుకే చాలా 'క్యూబ్' ఫైళ్ళలో 33×33×33, అంటే 35,937 రంగులకే జవాబులుంటాయి. మధ్యవాటిని సాఫ్ట్‌వేరే లెక్క కట్టుకుంటుంది.

చేసే విధానం

1. అసలు ఫొటోను భద్రంగా దాచి, నకలు మీద పని చెయ్యండి.

2. ముందు ప్రతి ఫొటోకూ వెలుగు, వైట్ బ్యాలెన్స్ సరిచెయ్యండి. ఉప్పూ పులుపూ కుదిరాకే కదా చారుకు పోపు!

3. ఫొటోషాప్‌లో లేయర్ మెనూ తెరిచి, న్యూ అడ్జస్ట్‌మెంట్ లేయర్‌లో 'కలర్ లుకప్' ఎంచుకోండి. 2012 నాటి సీఎస్6 నుంచీ ఇది ఉంది. ఖర్చు వద్దనుకుంటే ఉచితంగా దొరికే డార్క్‌టేబుల్‌లోనూ 'లట్ త్రీడీ' ఉంది.

4. నచ్చిన లట్ వేసి, ఒపాసిటీని 40 దాకా తగ్గించి చూడండి. చాలాసార్లు అంతే చాలు.

ఈ జాగ్రత్తలు మరవకండి

'లాగ్' వీడియోల కోసం చేసిన లట్‌ను మామూలు ఫొటోకు వేస్తే నలుపు మరీ చిక్కబడుతుంది, తెలుపు పాలిపోతుంది. అలా పోయిన జరీ అంచు ఆ ప్రింటులో ఇక కనబడదు.

పట్టికకు పెళ్ళికూతురెవరో, పూలదండేదో తెలీదు. బంతిపూవుదీ పసుపు రాసిన చెంపదీ ఒకే రంగైతే రెండింటినీ ఒకేలా మార్చేస్తుంది. ముఖం తేడాగా కనిపిస్తే లేయర్ మాస్క్ మీద నల్ల బ్రష్‌తో ముఖం వరకూ తుడిచెయ్యండి.

ఇంకొక్క మాట. "మా పిల్లను కాస్త తెల్లగా చెయ్యండి" అని స్టూడియోలో అడిగేవాళ్ళున్నారు. వద్దండీ! చామనఛాయ పిల్లకు తన ఛాయే అందం. పదేళ్ళ తర్వాత ఆల్బమ్ తెరిస్తే ఆమెకు తన ముఖమే కనిపించాలి.

ప్రింటుకు పంపేముందు బీరువాలోంచి పెళ్ళిచీర తీసి, పగటి వెలుగులో తెర పక్కన పెట్టి పోల్చండి. పిల్లను కూడా పక్కన కూర్చోబెట్టుకుని, "నీలాగే ఉందా?" అని అడగండి. ఆమె ఔనంటేనే పంపండి.