మోకాళ్లు అరిగాయని నడక మానేశారా? నొప్పి పెరిగేది అందుకే!

‘గుజ్జు అరిగిపోయిందట.. ఇక నడవకూడదు’. 50 ఏళ్లు దాటిన వాళ్లున్న ఇళ్లల్లో తరచూ వినిపించే మాట ఇది. అరుగుదల నిజమే కావచ్చు. కానీ నడక మానేయడం మాత్రం పొరపాటు. మోకీళ్ల అరుగుదలకు, అంటే ఆస్టియో ఆర్థరైటిస్‌కు మొదటి చికిత్సే వ్యాయామం. బ్రిటన్‌లోని ‘నైస్’ సంస్థ 2022 మార్గదర్శకాలు చెప్పేదీ ఇదే. గ్లూకోసమిన్ మాత్రలు ఇవ్వొద్దని కూడా వాటిలో ఉంది.

ఎందుకు కదలాలి?
గుజ్జు అని మనం పిలిచే మృదులాస్థికి రక్తనాళాలు ఉండవు. కీలు కదిలితేనే లోపలి ద్రవం నుంచి దానికి పోషణ అందుతుంది. కదలిక తగ్గితే తొడ కండరం బలహీనపడుతుంది. అప్పుడు భారమంతా కీలు మీదే పడుతుంది.

ఇంట్లోనే ఇలా చేయండి
* కాలు చాపి కూర్చోండి. మోకాలి కింద చుట్టిన టవల్ పెట్టి, కిందకు నొక్కి 5 సెకన్లు ఆపండి.
* వెల్లకిలా పడుకుని ఒక కాలు మడవండి. రెండో కాలిని నిటారుగా అడుగు ఎత్తు లేపి 5 సెకన్లు ఉంచండి.
* కుర్చీలోంచి మెల్లగా లేచి, మెల్లగా కూర్చోండి.
ఒక్కోటి 10 సార్లు చాలు. వీటితో పాటు చదునైన దారిలో నడవండి. సైకిల్, ఈత కూడా మంచివే.

మొదట్లో కాస్త నొప్పి రావడం మామూలే. మర్నాటికీ తగ్గకపోతే మాత్రం వ్యాయామం తగ్గించండి, పూర్తిగా మానొద్దు. తేడా తెలియడానికి 6 నుంచి 12 వారాలు పట్టొచ్చు.

బరువు తగ్గితే..
అధిక బరువు ఉన్నవాళ్లు 1 కిలో తగ్గితే, ప్రతి అడుగుకీ మోకాలిపై పడే భారం సుమారు 4 కిలోలు తగ్గుతుందని 2005లో అమెరికా పరిశోధకులు తేల్చారు. అంటే 5 కిలోలు తగ్గితే 20 కిలోల బరువు దించినట్టే!

ఈ మార్పులూ అవసరమే
కత్తిపీట ముందు గంటల తరబడి కూర్చోవద్దు. కూరలు టేబుల్ మీద తరుక్కోండి. వెస్ట్రన్ కమోడ్ వాడండి. చేతికర్రను నొప్పి ఉన్న కాలి వైపు కాదు, రెండో వైపు చేతిలో పట్టుకోవాలి.

డాక్టర్‌ను ఎప్పుడు కలవాలి?
మోకాలు ఒక్కసారిగా వాచి, ఎర్రబడి, జ్వరం వచ్చినా, కాలు కింద మోపలేకపోయినా ఆలస్యం చేయొద్దు. మెడికల్ షాపులో అడిగి రోజూ పెయిన్ కిల్లర్లు వేసుకుంటే కడుపులో పుండ్లు, కిడ్నీ సమస్యలు రావచ్చు. గుండె జబ్బు ఉన్నవాళ్లు, మోకాలికి ఆపరేషన్ అయినవాళ్లు డాక్టర్‌ను అడిగాకే వ్యాయామం మొదలుపెట్టాలి.